మా అత్త తాగిన చేదు బీరు

నేను బీరు తాగానంటే మా వాళ్లెవరూ నమ్మరు. యాభై దాటినదాన్ని, శనివారం ఒక పూటే తినేదాన్ని, టాటానగర్ దగ్గర గోవింద్‌పూర్‌లో ట్రక్కుల ఫ్యాక్టరీ సైరన్, ఆ భోంపూ మోతకి లేచి భోంపూ మోతకి పడుకుంటూ ముప్పై ఏళ్లుగా కాపురం చేస్తున్నదాన్ని. అలాంటిదాన్ని పట్టపగలు, వంటింట్లో, మా అత్త ఎదురుగా స్టీలు గ్లాసులో పోసుకుని తాగాను. అదీ మా ఆయన విశ్వకర్మ పూజ నాడు తాగే మామూలు బీరు కాదు. మా అమ్మాయి బెంగుళూరు నుంచి తెచ్చిన మహా ఘాటుది. ఆ రుచి గురించి రాద్దామనే కూర్చున్నాను. కానీ ముందు మా అత్త నోటి గురించి చెప్పాలి, లేకపోతే ఆ బీరు మా ఇంట్లో ఏం చేసి పోయిందో అర్థం కాదు.

పెళ్లయి వచ్చిన కొత్తలో మొదటిసారి నేను చారు పెట్టిన రోజున ఆవిడ ఒక ముద్ద తిని, "ఉప్పు సాల్నేదే" అంది. అది మొదలు, ఆ మాట అనకుండా ఆవిడ కంచం ముందునుంచి లేచిన పూట నాకు గుర్తు లేదు. నేను కొంచెం ఎక్కువేసినా అదే మాట. మా మామ టాటానగర్ రైల్వేలో పనిచేసేవాడు, మా ఆయన ఫ్యాక్టరీలో. ఆ ఇద్దరూ తల దించుకుని తినేసేవాళ్లు. వాళ్లకి ఉప్పు ఎప్పుడూ సరిపోయేది. ఒకసారి నాకు ఒళ్లు మండి, ఉప్పు డబ్బా తెచ్చి ఆవిడ కంచం పక్కన ఠపీమని పెట్టాను. ఆవిడ దానివంక చూడను కూడా చూడలేదు. "నువ్వెయ్యి. నానేసుకుంటే ఆ రుసి రాదు" అంది.

ఇక అదే ఆనవాయితీ అయిపోయింది. ఆవిడ ఉప్పు చాలలేదనడం, నేను డబ్బా తెచ్చి కంచంలో చిటికెడు వెయ్యడం, ఆవిడ కలుపుకుని "ఇప్పుడు సరిపోయినాది" అనడం. కొత్తకోడలిగా ఆ చిటికెడు ఉప్పు కోసం స్నానాల గదిలో తలుపేసుకుని ఏడ్చాను. తర్వాత ఏడుపు పోయి విసుగు మిగిలింది. ఈవిడ నోరు ఎప్పుడు మూతపడుతుందా అని కూడా అనుకున్నాను. అందరు కోడళ్లూ అనుకునేదే.

ఆవిడకి ఇంకో అలవాటు చుట్ట. మా వాళ్లది ఒడిశా పొలిమేర. ఆ పల్లెల్లో ఆడవాళ్లు చుట్టని అడ్డపొగ తాగుతారు. అంటే నిప్పున్న కొసని నోటి లోపల పెట్టుకుని, పెదాలు బిగించి పొగ పీలుస్తారు. పొలంలో గాలికి ఆరిపోకుండా, రెండు చేతులూ నాట్లలో ఉన్నా తాగడానికి వీలుగా మొదలెట్టారంటారు. గోవింద్‌పూర్‌లో ఆవిడ నాటే నారూ లేదు, ఆ గాలీ లేదు. అయినా బియ్యం ఏరుతున్నా, బట్టలు ఆరేస్తున్నా చుట్ట నిప్పు నోట్లోనే ఉండేది. ఊరి నుంచి ఎవరొచ్చినా పొగాకు కట్ట తేవాల్సిందే. మా అమ్మాయి చిన్నప్పుడు స్నేహితురాళ్లని వెంటేసుకొచ్చి, దాదీ ఆగ్ ఖాతీ హై అని చూపించేది. నిప్పు తినే నానమ్మ అంటే ఆ పిల్లకి గొప్పే మరి.

అంగిలి తెల్లబడింది, ఆ తర్వాత పుండు పడింది. పెద్దాసుపత్రిలో కేన్సరని తేల్చి, కరెంటు పెట్టాలన్నారు, అదే రేడియేషన్. వారాల తరబడి ఆటోలో తీసుకెళ్లి, తీసుకొచ్చాం. పుండు మానింది. ఇంటికొచ్చాక తేలింది, పుండుతో పాటు రుచీ పోయిందని. తీపి తెలియదు, పులుపు తెలియదు, కారం మంటగా తప్ప కారంగా తెలియదు. నోట్లో తడి కూడా లేదు. అన్నం పెడితే అటూ ఇటూ తిప్పి, "మన్ను నమిలినట్టున్నాదే" అని మింగేది. కొన్నాళ్లకి మింగడం కూడా తగ్గిపోయింది. జాకెట్టు చేతుల్లోంచి ఆవిడ చేతులు వేలాడేవి.

ఒకరోజు మధ్యాహ్నం ఆవిడ ఏమీ అనకుండా తింటోంది. నేను అలవాటు కొద్దీ ఉప్పు డబ్బా చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ నాలుగు మెతుకులు మింగి, చెయ్యి కడిగేసుకుని లేచిపోయింది. నేను అలాగే నిలబడి ఉన్నాను. ముప్పై ఏళ్లు ఏ మాట విని పళ్లు నూరుకున్నానో ఆ మాట కోసం చెవులు రిక్కించుకుని నిలబడ్డాను. ఆ రోజే నాకు మొదటిసారి భయం వేసింది.

డాక్టరు మంచివాడే. కొందరికి రుచి తిరిగి వస్తుంది, కొందరికి రాదు అన్నాడు. తిండి ఇలాగే తగ్గిపోతే ముక్కులోంచి గొట్టం వేసి పాలూ జావా పొయ్యాలన్నాడు. ఈలోగా ఏది తినబుద్ధయితే అది తిననివ్వండి, పథ్యం ఏమీ లేదన్నాడు. పథ్యం లేదనే మాటకి అర్థం నాకు తెలుసు, మా ఆయనకీ తెలుసు. ఆటోలో మా మధ్యన కూర్చున్న ఆవిడే మాట్లాడింది.

"గొట్టం గిట్టం ఎట్టినారంటే పీకి పారేత్తాను. నోటితో తినకపోతే బతికేటి సేత్తాను?"

అప్పటి నుంచి నా వంటకి అంతులేదు. ఎండు నెత్తళ్ల పులుసు, ఆవ పెట్టిన పనసపొట్టు, చోడి అంబలి, ఆవిడ చిన్నప్పుడు తిన్నవి ఏవేవి గుర్తుకొస్తే అవి. కంచంలో పెట్టేదాన్ని, ఆవిడ మొహం చూసేదాన్ని. ఆవిడ నా మొహం చూసి, ఒక ముద్ద తిని, "సాల్లే" అనేది. వండి వండి నా చేతికే విరక్తి పుట్టింది. నేలపాలు చెయ్యడానికే వండుతున్నానని ఒక రోజు మా ఆయన మీద అరిచాను, పాపం ఆయనేం చేశాడని.

అలాంటి రోజుల్లో మా అమ్మాయి సెలవు మీద వచ్చింది. వాళ్ల నాన్న కోసమని బీరు డబ్బాలు మూడు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టింది. నల్లటి డబ్బాలు, మీద ఏవో రంగురంగుల బొమ్మలు. మా ఆయన ఆ వారం బి షిఫ్టు, మధ్యాహ్నానికే వెళ్లిపోతాడు. ఆయన అటు వెళ్లగానే ఈ పిల్ల ఒక డబ్బా తీసి, "మమ్మీ, ఏక్ ఘూంట్ లేకే తో దేఖో" అని, ఒక్క గుక్క తాగి చూడమని నా వెంట పడింది. మనం తెలుగులో అడిగితే హిందీలోనే జవాబిస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే. నాకు ఆ రోజు ఏం పుట్టిందో గానీ గ్లాసు చాపాను.

ముదురు తేనె రంగు, కొంచెం మసకగా ఉంది. నురగ దట్టంగా లేచి, దిగిన తర్వాత కూడా గ్లాసు గోడలకి పట్టుకుని ఉంది. వాసన చూశాను. బజారు దారిలో ఆడవాళ్లు డేక్సాల్లో పెట్టుకుని అమ్మే హండియా వాసన నాకు తెలుసు, పులిసిన అన్నం వాసన. అలా ఉంటుందనుకున్నాను. అలా లేదు. ముందు నారింజ తొక్కని గోటితో గిల్లితే ముక్కుకి కొట్టే వాసన. దాని వెనక, పచ్చి మామిడికాయ తొడిమ విరిచినప్పుడు కారే జీడి వాసన. ఇంకా వెనక గుగ్గిలం పొగ వాసన ఏదో కొద్దిగా. తాగేదాంట్లో ఇన్ని వాసనలేమిటి అనుకున్నాను.

మొదటి గుక్కలో ముందుగా తగిలింది తీపి. మాడిన బెల్లం పాకంలా, అదీ ఒక్క క్షణం. అయ్యో ఇంతేనా అనుకునేలోపు చేదు వచ్చింది. నాలుక రెండు పక్కల నుంచీ లేచి, వెనక్కి పాకి, కొండనాలుక దగ్గర కూర్చుంది. నాకు చేదు కొత్త కాదు. వేపపుల్లతో పళ్లు తోముకునే ఇంట్లోనే పుట్టాను. వేప చేదు ఉమ్మేస్తే పోతుంది. కాకరకాయ చేదు బెల్లానికీ చింతపండుకీ లొంగుతుంది. ఇది దేనికీ లొంగే రకం కాదు. మింగేశాక ఇంకా ఎక్కువైంది, నోరంతా పిడచగట్టింది, కాసేపటికి చెవులు వేడెక్కాయి. మామూలు దానికంటే రెట్టింపు మత్తు దీనికని, హాప్స్ అనే ఒక తీగ పువ్వుని కేవలం ఈ చేదు కోసమే గుప్పిళ్లతో వేస్తారని మా అమ్మాయి చెప్పింది. డబ్బులిచ్చి చేదు కొనుక్కునే రోజులొచ్చాయా అని తిట్టాను. తిడుతూనే ఇంకో గుక్క తాగాను. నిజం చెప్పాలంటే, చాలా రోజుల తర్వాత నా నోట్లో ఏదో ఉన్నట్టు అనిపించింది. ఆవిడ తినడం మానేసినప్పటి నుంచి నేనూ రుచి చూసి తింటున్నది లేదు.

మా అత్త వంటింటి గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని ఇదంతా చూస్తోంది.

"ఏటే, మొకం అలా ఎట్టినావు?" అంది.

"చేదు అత్తా. కటిక చేదు."

"ఏదీ, ఇలగియ్యి."

"దాదీ, నహీ! బహుత్ కడ్వా హై" అని మా అమ్మాయి గ్లాసు లాక్కోబోయింది.

"ఉండెహె. కల్లు తాగిన నోరే ఇది. సచ్చేలోగా దీన్నీ సూత్తాను."

డాక్టరు ఏదైనా ఇవ్వమన్నాడు కదా అనుకున్నాను. ఈ చేదుకి కూడా లేవని నాలుక ఉంటుందా అని కూడా అనుకున్నాను. ఆవిడ చిన్న గ్లాసులో కొంచెం పోసి ఇచ్చాను. ఆవిడ నోట్లో పోసుకుని ఆపింది. నేను ఊపిరి బిగబట్టి ఆవిడ గొంతు వైపే చూస్తున్నాను. గుటక పడింది. కళ్లు చికిలించింది, పెదాలు వంకర తిప్పింది, తల విదిలించింది.

"ఓలమ్మో, సేదే! ఏపసెట్టు నాకినట్టున్నాది!"

నేను ఏడ్చేశాను. గ్లాసు ఎక్కడ పెట్టానో తెలియదు, ఆవిడ మోకాళ్లు పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చాను. మా అమ్మాయి "సచ్ మే, దాదీ? సచ్ మే?" అని పదిసార్లు అడిగింది. ఆవిడ నా తల మీద చెయ్యి వేసి, "సేదంటే ఏడుత్తావేటే, ఎర్రిగుంటా" అంది.

ఆ మధ్యాహ్నం అన్నం పెట్టాను. చారు కలిపి ఒక ముద్ద తిని, నా వంక చూసి, "ఉప్పు సాల్నేదే" అంది.

నేను పరిగెత్తాను. డబ్బా మూత రాక గోరు విరిగింది. చిటికెడు వేశాను. "ఇప్పుడు సరిపోయినాది" అంది. అప్పటికప్పుడు మా ఆయనకి ఫోన్ చేశాను. అవతల మిషన్ల రొదలో ఆయనకి సగం వినపడలేదు. "నిజవేటే? ఉప్పు సాల్నేదందా? అమ్మే అందా?" అని అరుస్తున్నాడు. అవతలివాళ్లు ఏమనుకున్నారో. మర్నాడు పొద్దున్నే ఆయన బజారుకెళ్లి సంచీ నిండా కాకరకాయలు తెచ్చాడు. చేదు తెలిసిందంటే ముందు చేదు దారే తెరుచుకుందని, ఆ దారిలోనే మిగతా రుచులు కూడా వస్తాయని ఆయన లెక్క. నాదీ అదే లెక్క. ఇంట్లో అందరం పూటపూటా కాకరకాయే తిన్నాం. వేపుడు, పులుసు, కారం పెట్టింది. నవ్వులాటగా ఉంటుంది చెప్పుకుంటే, కానీ మేము నమ్మాం.

మా అమ్మాయి సెలవు అయిపోయి వెళ్లిపోయింది. నేను రోజూ అన్నానికి ముందు ఆవిడకి రెండు గుక్కల బీరు మందులా పోసేదాన్ని. ముందు నేను కొంచెం తాగి చూసి, చేదు తగ్గిందో లేదో చూసుకుని ఇచ్చేదాన్ని. మూత తీసిన బీరులో బుడగలు పోతాయి గానీ ఆ చేదు మాత్రం అలాగే ఉంటుంది. నేను మొహం ముడుచుకునేదాన్ని, ఆవిడా మొహం ముడుచుకునేది. ఆ తర్వాత అన్నం, ఆ తర్వాత ఉప్పు చాలలేదనడం. ఒకరోజు పప్పులో పులుపు తక్కువన్నది కూడా. ఆ పూట నేను పాట పాడుకుంటూ గిన్నెలు తోముకున్నాను.

"అమ్మకి ఒళ్లు రావట్లేదు కదే" అన్నాడు మా ఆయన ఒకసారి.

"రుచి వచ్చాక ఒళ్లు రాదా? నీకన్నీ తొందరే" అని కసిరాను. ఆవిడ తినే ముద్దలు పెరగలేదని నేను చూడలేదు. అసలు చూడదలుచుకోలేదు.

రెండో డబ్బా అయిపోయి మూడోది తెరిచిన రోజు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. గబగబా ఆవిడ గ్లాసులో పోసి చేతికిచ్చి అటు పరిగెత్తాను, నేను రుచి చూడలేదు. పాలు దించుతుంటే వెనక నుంచి ఆవిడ మాట వినపడింది.

"ఓలమ్మో, సేదే! ఏపసెట్టు నాకినట్టున్నాది."

వెనక్కి తిరిగి చూస్తే అదే మొహం. కళ్లు చికిలించి, పెదాలు వంకర తిప్పి. ఖాళీ చెయ్యకుండా అడుగున కొంచెం వదిలేసి గ్లాసు నాకందించింది. పారబొయ్యడం ఎందుకని ఆ మిగిలింది నేను నోట్లో పోసుకున్నాను.

తీపి. మామిడి తాండ్రని నీళ్లలో కరగబెట్టి పోసినట్టు గాఢమైన తీపి. చేదన్నది మచ్చుకైనా లేదు. మొదట నా నాలుకే పోయిందేమో అనుకున్నాను. డబ్బా తీసి చూశాను. అదే నలుపు, అదే సైజు. మిగతావాటి మీద ఏవో ఆకుల బొమ్మలుంటే దీనిమీద మామిడిపండు బొమ్మ ఉంది. మా అమ్మాయి ఒకటి వేరే రకం తెచ్చి ఉంటుంది, నేను చూసుకోలేదు.

వంటింటి గట్టు పట్టుకుని నిలబడ్డాను. ముందు కోపం వచ్చింది. ఇన్నాళ్లూ నన్ను ఆడించిందని. అంతలోనే మొదటి రోజు గుర్తొచ్చింది. ఆవిడ అడగ్గానే కటిక చేదని చెప్పింది నేనే. మొహం ముడిచి చూపించింది నేనే. ఆవిడ ఏ రోజూ గ్లాసు వంక చూసి తాగలేదు, నా వంక చూసి తాగింది. మరి ఉప్పు? ఉప్పు చాలలేదనడానికి ఆవిడకి నాలుక అక్కర్లేదు, ముప్పై ఏళ్ల అలవాటు చాలు. నేను డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడి ఏ మాట కోసం ఎదురుచూశానో, అది ఆ రోజే ఆవిడ చూసింది. చూసి, నా కోసం ఆ మాట తెచ్చి పెట్టింది. మన్ను లాంటి అన్నాన్ని, కాకరకాయల్ని, ఆ మంటెత్తే బీరుని కూడా మింగింది. పుండుపడి మానిన ఆ నోటికి అది ఎంత మండి ఉంటుందో.

రుచి రాలేదు, ఇక రాదు. అది తెలిశాక మిగిలిందేమీ లేదు. గొట్టం వెయ్యనివ్వదు, నోటితో తినలేదు. ఆవిడ వెళ్లిపోతోంది, ఆ సంగతి ఇంట్లో అందరికంటే ముందు ఆవిడకే తెలుసు. తర్వాత కూడా అలాగే జరిగింది. వానలు మొదలవకముందే పోయింది, గొట్టం పడకుండానే పోయింది. కానీ ఆ నెలలన్నిటిలో నాకు గుర్తుండిపోయింది మాత్రం మూడో డబ్బా తెరిచిన ఆ పూటే.

కళ్లు తుడుచుకుని అన్నం వడ్డించాను. చారు పోశాను. ఆవిడ కలపలేదు. నా మొహం వంకే చూస్తోంది. ఎర్రబడ్డ కళ్లు చూసి పొయ్యి సెగ అనుకుంటుందిలే అనుకుని అటు తిరిగాను.

"ఒలే" అంది.

"ఏంటత్తా?"

"ఈయేల్టి బీరు... సేదే కదా?"

ఆ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. నన్ను ముప్పై ఏళ్లు గడగడలాడించిన మనిషి, తప్పు చేసి దొరికిపోయిన పిల్లలా చూస్తోంది. నేను ఆవిడ వైపు తిరిగాను. కళ్లు చికిలించి, పెదాలు వంకర తిప్పాను.

"చేదే అత్తా. కటిక చేదు."

ఆవిడ గట్టిగా ఊపిరి వదిలింది. కంచం దగ్గరికి లాక్కుని, చారు కలుపుకుని, చిన్న ముద్ద నోట్లో పెట్టుకుంది. చాలాసేపు తిప్పి తిప్పి మింగింది.

"ఉప్పు సాల్నేదే" అంది.

నేను లేచి ఉప్పు డబ్బా తేవడానికి వెళ్లాను.